ఫుజి అగ్నిపర్వతం ఎక్కడం: బారువ ఇసుక నుంచి బిలం అంచు దాకా

చదువుకో, ఉద్యోగానికో, పిల్లల దగ్గర నెల రోజులు ఉండడానికో శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి జపాన్ వెళ్లేవాళ్లు ఒకటే అడుగుతున్నారు: ఫుజి కొండ మనం ఎక్కగలమా, ఎక్కాలంటే ఏం చేయాలి?

ఎక్కగలరు. తాళ్లు, మేకులు, మంచు గొడ్డళ్లు అక్కర్లేదు. కానీ తిరుమల మెట్లు ఎక్కినవాళ్లం, ఇదొక లెక్కా అనుకుని వెళ్తే మోకాళ్లు పోతాయి. మెట్లది గట్టి నేల. ఫుజిది కాలి కింద జారే నేల. ఈ తేడా ఒంటబట్టించుకుంటే సగం పని అయినట్టే. అందుకే ముందు రాయి గురించి చెప్పి, తర్వాత నడక గురించి చెబుతాం.

మన దేశంలోనే ఒకటి ఎక్కొచ్చు కదా అంటారా? మనకు నిప్పున్న కొండ అండమాన్ దగ్గరి బారెన్ ద్వీపం ఒక్కటే. దాన్ని పడవలోంచి చూడాల్సిందే, దిగి ఎక్కడానికి లేదు.

1. కాలి కింద ఏముందో తెలుసుకోండి

సింహాచలం కొండ మీద కనిపించేది ఖోండలైటు. భూమి లోతుల్లో వేడికి, ఒత్తిడికి రూపం మారి, సుమారు వంద కోట్ల ఏళ్లుగా గట్టిపడిన రాయి. టెక్కలి నీలి గ్రానైట్‌ను కోయాలంటే వజ్రపు పళ్ల రంపం కావాలి. మన కాళ్లకు అలవాటైన కొండ అంటే ఇలాంటిదే: అడుగు వేస్తే కదలదు.

ఫుజి దీనికి పూర్తిగా తలకిందులు. ఈరోజు కనిపించే శంకువు ఆకారం సుమారు 10 వేల ఏళ్లుగా పేరుకున్నది. దాని కింద సుమారు లక్ష ఏళ్ల నాటి పాత ఫుజి, ఇంకా కింద కొమితాకె అనే మరో అగ్నిపర్వతం ఉన్నాయి. యోషిదా దారిలో బస్సు దిగే చోటు సరిగ్గా ఆ కొమితాకె నెత్తి మీదే ఉంటుంది. అక్కడి గుడికి పేరు కూడా అదే. అంటే ఒక కొండ తల మీద బస్సు దిగి ఇంకో కొండ ఎక్కడం మొదలుపెడతారన్నమాట.

ఇలాంటి కొండను స్ట్రాటోవోల్కనో అంటారు, పొరల అగ్నిపర్వతం. ఒకసారి లావా పారి గట్టి పలక పడుతుంది. ఇంకోసారి బూడిద, కంకర ఎగజిమ్మి దాని మీద కురుస్తుంది. మళ్లీ లావా, మళ్లీ కంకర. నడిచేవాడికి ఈ పొరలతో నేరుగా పని ఉంది:

- లావా పలక: గట్టిది, గరుకైనది. ఎక్కే దారులు వీలైనంత వరకు దీని మీదే వేశారు. చేతులు కూడా పెట్టి ఎక్కాలి.
- స్కోరియా: ఎగిరి పడిన లావా ముద్దలు. చేతిలోకి తీసుకుంటే కమ్మరి కొలిమిలో మిగిలే చిట్టెంలా ఉంటుంది. నిండా బుడగల కన్నాలు, పరిమాణానికి తగ్గ బరువుండదు, అంచులు మాత్రం చర్మం గీరేస్తాయి. నల్లగా ఉంటే మామూలుది. ఎర్రగా ఉంటే వేడి మీద ఉండగానే గాలి తగిలి లోపలి ఇనుము తుప్పు పట్టినది.

వదులు స్కోరియా 30 నుంచి 35 డిగ్రీల వాలు దాకా నిలుస్తుంది. అంతకు మించితే దానంతట అదే జారుతుంది. ఫుజి పై భాగం ఆ అంచున నిలబడి ఉంది కాబట్టి మీ అడుగు పడ్డ ప్రతిచోటా కాస్త జారడం ఖాయం. మీరు తప్పుగా నడిచారని కాదు, కొండ అలాంటిది.

జపాన్ అగ్నిపర్వతాల వరుసలో ఉండే కొండలు ఎక్కువగా ఆండిసైటువి, అంటే చిక్కటి లావా గట్టిపడిన రాయి. ఫుజి మాత్రం చాలావరకు బసాల్టు, అంటే పలచగా పారే లావా రాయి. శిఖరం బిలంలోంచి చివరిసారి పేలి రెండు వేల ఏళ్లు దాటింది. తర్వాతవన్నీ పక్కల నుంచి పగిలినవే. ఆఖరిది 1707 డిసెంబరులో ఆగ్నేయం వైపు పేలింది. బూడిద సుమారు 100 కిలోమీటర్ల దూరంలోని నేటి టోక్యో మీద దాకా పడింది. ఆ హోయె బిలం ఫుజినోమియా దారికి దగ్గరే. దాని గోడలో లావా పైకి తన్నుకొచ్చిన పగుళ్లు నిలువు గోడల్లా నిలబడి కనిపిస్తాయి. శిఖరం ఎక్కలేమనుకునే పెద్దవాళ్లు 2400 మీటర్ల దగ్గర బస్సు దిగి ఆ బిలం అంచు దాకా వెళ్లి రావచ్చు. కొండ లోపలి కట్టడం చూడాలంటే శిఖరం కంటే అదే మంచి చోటు.

2. దారి, తేదీ, బస: ఈ వరుసలోనే ఖాయం చేయండి

శిఖరం 3776 మీటర్లు. దారులు నాలుగు. బోర్డుల రంగులు గుర్తుంచుకోండి, దిగేటప్పుడు అవే దిక్కు.

- యోషిదా, పసుపు: సుమారు 2300 మీటర్ల నుంచి మొదలు. బసలు ఎక్కువ, టోక్యో నుంచి నేరుగా బస్సు. ఎక్కడానికి 6, దిగడానికి 4 గంటలు. మొదటిసారి వెళ్లేవాళ్లకు ఇదే.
- ఫుజినోమియా, నీలం: సుమారు 2400 నుంచి. దూరం తక్కువ, వాలు ఎక్కువ, రాళ్ల దారి. ఎక్కినా దిగినా ఒకటే తోవ.
- సుబాషిరి, ఎరుపు: సుమారు 2000 నుంచి. మొదట్లో చెట్ల నీడ, దిగేటప్పుడు ఇసుక పరుగు.
- గొతెంబా, ఆకుపచ్చ: సుమారు 1440 నుంచి. 2300 మీటర్లకు పైగా ఎక్కాలి, బసలు చాలా తక్కువ. మొదటిసారికి వద్దు.

2025లో యోషిదా దారి జులై 1న, మిగతా మూడూ జులై 10న తెరిచి, అన్నీ సెప్టెంబరు 10న మూశారు. నాలుగు దారులకూ మనిషికి 4000 యెన్ల రుసుము పెట్టారు. మధ్యాహ్నం 2 నుంచి తెల్లవారుజామున 3 వరకు బస బుకింగ్ లేనివాళ్లను గేటు దాటనివ్వలేదు. యోషిదాలో రోజుకు 4000 మంది పరిమితి కూడా ఉంది. ఈ నిబంధనలు ఏటా మారుతున్నాయి, మీరు వెళ్లే ఏడాదివి అధికారిక వెబ్‌సైట్‌లో చూసుకుని తీరాలి.

తేదీ విషయంలో మా మాట: జులై 20 తర్వాత వాళ్ల వానాకాలం తగ్గుతుంది, ఆగస్టు నడిమికి వాళ్ల పండగ సెలవుల జనం వచ్చేస్తారు. ఈ రెండింటి మధ్య మామూలు వారపు రోజు పట్టుకోండి. శనివారం వద్దు. ముందు బస దొరికిన తేదీ ఖాయం చేసుకుని, తర్వాతే మిగతా ప్రయాణం అల్లుకోండి. చాలామంది విమానం టికెట్ కొని బస కోసం వెతుకుతారు, అప్పటికి దొరకదు. కొండ కోసం ఒక రోజు కాకుండా వరుసగా మూడు రోజులు పెట్టుకోండి. మధ్యలో గాలివాన వస్తే జరుపుకోవడానికి వీలుంటుంది.

3. 12 వారాల తయారీ

యోషిదా దారిలో ఎక్కే ఎత్తు సుమారు 1470 మీటర్లు. అంతస్తు 3 మీటర్లనుకుంటే 490 అంతస్తులు. రెండు రోజుల్లో పంచుకుని ఎక్కుతారు సరే, దిగడం మాత్రం ఒక్క పూటలోనే.

*1–4 వారాలు.* వారానికి మూడు రోజులు 45 నిమిషాల చురుకైన నడక. రెండు రోజులు మెట్లు, 30 అంతస్తులతో మొదలు. లిఫ్టులో దిగొద్దు, దిగడమే అసలు కసరత్తు.

*5–8 వారాలు.* వీపున సంచి వేయండి. మొదట 4 కిలోలు, తర్వాత 6. నీళ్ల సీసాలు నింపి పెడితే చాలు. మెట్లు 60 అంతస్తులకు పెంచండి. వారానికోసారి సముద్రం ఒడ్డున పొడి ఇసుకలో 4 కిలోమీటర్లు నడవండి. బారువ, భావనపాడు, కళింగపట్నం, విజయనగరం వైపైతే పూసపాటిరేగ దగ్గరి చింతపల్లి తీరం. అల తగిలి గట్టిపడిన తడి ఇసుక మీద నడిస్తే ఉపయోగం లేదు. మడమ దిగబడే పొడి ఇసుకే కావాలి, స్కోరియా నడకకు మన దగ్గర అంతకు దగ్గరి నేల లేదు.

*9–11 వారాలు.* వారానికోసారి కొండ మీద ఐదారు గంటలు. మందస నుంచి కనిపించే మహేంద్రగిరి 1501 మీటర్లు. అది ఒడిశా సరిహద్దులో ఉంది. దారి తెలిసిన ఊరివాళ్లను తోడు తీసుకోకుండా వెళ్లొద్దు. అంత వీలు కాకపోతే రామతీర్థం, పుణ్యగిరి వంటి కొండలను ఒకే పూట రెండు మూడు సార్లు ఎక్కి దిగండి.

*12వ వారం.* తగ్గించేయండి. రోజూ అరగంట నడక చాలు.

వీటికి తోడు వారానికి మూడుసార్లు ఒక చిన్న కసరత్తు. సుమారు 20 సెంటీమీటర్ల ఎత్తు మెట్టు మీద ఒంటి కాలిపై నిలబడి, రెండో మడమ నేలకు తాకేదాకా మూడు లెక్కల్లో నెమ్మదిగా దిగండి. కాలికి 12 చొప్పున మూడు విడతలు. తొడ ముందు కండ బ్రేకులా పనిచేయడం దీంతోనే నేర్చుకుంటుంది. ఎక్కేటప్పుడు ఆయాసం వస్తే ఆగి తీర్చుకోవచ్చు. దిగేటప్పుడు తొడలు వణికితే దానికి మందు లేదు.

ఏప్రిల్, మే నెలల్లో తయారీ పడితే తెల్లవారుజామున 5కే బయల్దేరి 7కల్లా ఇంటికి చేరండి. వడగాల్పులో నడిచి కొండకు తయారైనవాళ్లు లేరు. బీపీ, గుండె, ఉబ్బసం, చక్కెర ఉన్నవాళ్లు ఈ 12 వారాలు మొదలుపెట్టే ముందే డాక్టరుకు చూపించుకోండి, చివరి వారంలో కాదు.

4. బూట్లు, బట్టలు, సంచి

బూట్ల గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. చీలమండ కప్పేవి, అడుగున లోతైన గాళ్లున్నవి కావాలి. స్కోరియా అంచులు పలచని స్పోర్ట్స్ షూ పక్కలను ఒక్క రోజులో చీలుస్తాయి. మేజోళ్లు వేసుకున్నాక వేళ్ల ముందు బొటనవేలు వెడల్పంత ఖాళీ ఉండాలి, లేకపోతే దిగేటప్పుడు గోళ్లు నల్లబడతాయి.

మన తీరం గాలిలో తేమ బూట్లకు మరో చిక్కు తెస్తుంది. నాలుగైదేళ్లు బీరువాలో పెట్టిన బూట్లు పైకి కొత్తవాటిలా ఉంటాయి. కానీ అడుగుకూ పైభాగానికీ మధ్యనుండే నురుగు పొర తేమకు కుళ్లి పొడి అయిపోతుంది. కొండ మీద రెండు గంటలు నడిచేసరికి అడుగు నోరు తెరుస్తుంది. పరీక్ష ఇదీ: మధ్య పొరను బొటనవేలితో గట్టిగా నొక్కండి. పగుళ్లు పడినా, పిండిలా రాలినా ఆ బూట్లు పనికిరావు. కొత్తవి కొంటే వాటితో కనీసం 50 కిలోమీటర్లు నడిచాకే కొండకు.

బట్టలకు సూత్రం: 100 మీటర్లకు సుమారు 0.6 డిగ్రీలు తగ్గుతుంది. జులై, ఆగస్టుల్లో కూడా శిఖరం మీద సగటు 5, 6 డిగ్రీలే. సెకనుకు ఒక మీటరు గాలికి ఒంటికి ఇంకో డిగ్రీ తగ్గినట్టు ఉంటుంది. అంటే తెల్లవారుజామున సున్నా కంటే తక్కువే అనుకోండి. అరకు చలికని కొన్న స్వెట్టరు ఒక్కటే వేసుకుంటే నిలబడలేరు.

సరిచూసుకునే పట్టీ:

- ఒంటికి అంటుకుని చెమట ఆరిపోయే బనియను. నూలుది వద్దు, తడిస్తే ఆరదు, చలి పట్టిస్తుంది
- ఫ్లీసు చొక్కా, పైన పలచని కృత్రిమ దూది జాకెట్
- చొక్కా, ప్యాంటు విడివిడిగా ఉండే వాన దుస్తులు. గొడుగు, ఒంటి మీద వేలాడే రెయిన్‌కోటు గాలికి నిలవవు
- చేతి తొడుగులు రెండు జతలు: ఒకటి రాయి పట్టుకోవడానికి, ఒకటి చలికి
- ఉన్ని టోపీ, ఎండ టోపీ, హెల్మెట్
- తలకు కట్టుకునే లైటు, అదనపు బ్యాటరీలు
- బూటు మీద తొడిగే గేటర్లు, ట్రెక్కింగ్ కర్రలు రెండు, కళ్లద్దాలు, మాస్కు
- 2 లీటర్ల నీళ్లు, ఓఆర్‌ఎస్ పొట్లాలు నాలుగు
- 100 యెన్ల నాణేలు కనీసం 15. మరుగుదొడ్డికి ప్రతిసారీ కట్టాలి
- చెత్త సంచి. కొండ మీద చెత్తబుట్టలు ఉండవు, తెచ్చిందంతా దింపుకోవాలి
- బూటు అడుగు ఊడితే చుట్టడానికి గట్టి టేపు

సంచి మొత్తం 7 కిలోలు దాటనివ్వకండి.

తిండికి పలాస జీడిపప్పు, పల్లీ పట్టీలు, నువ్వుండలు బాగా పనికొస్తాయి. తక్కువ బరువు, ఎక్కువ బలం, చలికి పాడవవు. తాజా మామిడిపళ్లు మాత్రం జపాన్ విమానాశ్రయంలోనే తీసేసుకుంటారు. బసల్లో రాత్రి భోజనం ఎక్కువగా కూర, అన్నం. ఆ కూరలో మాంసం ఉండే అవకాశమే ఎక్కువ. శాకాహారులు బుకింగ్ చేసేటప్పుడే అడగండి, సమాధానం రాకపోతే వేడి నీళ్లు పోస్తే సిద్ధమయ్యే ఉప్మా పొట్లం తీసుకెళ్లండి. ఒక సంగతి: అంత ఎత్తున నీళ్లు 88 డిగ్రీల దగ్గరే మరుగుతాయి, అందుకని రవ్వ నానడానికి ఇంట్లో కంటే రెట్టింపు సేపు ఆగాలి.

5. ఎక్కే రోజు

ముందు రాత్రి కొండ పాదాన కవాగుచికో దగ్గర పడుకోండి. అది 850 మీటర్ల చొప్పున ఉంటుంది. విమానం దిగిన రోజే కొండకు పోవద్దు.

(1) ఉదయం 10 కల్లా బస్సు దిగే చోటైన 5వ మజిలీ చేరి, గంట సేపు అక్కడే ఉండండి. టీ తాగండి, సంచి సర్దుకోండి. సముద్రం పక్కన పెరిగిన ఒంటికి 2300 మీటర్ల గాలి అలవాటు కావాలి. ఈ గంట మిగిల్చుకుందామని చూసినవాళ్లే రాత్రికి తలనొప్పితో కూర్చుంటారు.

(2) 6వ మజిలీ దాకా కావాలనే నెమ్మదిగా నడవండి. మొదటి అరగంట నేల చదునుగా, కొంత దిగుడుగా కూడా ఉంటుంది. ఇక్కడే అందరూ వేగం చేసి చెడతారు. పక్కవాళ్లతో ఊపిరి తెగకుండా ఒక పూర్తి వాక్యం మాట్లాడగలిగితే సరైన వేగం.

(3) 7వ మజిలీ నుంచి రాతి దారి. వంకలు తిరిగే కంకర దారి అయిపోయి లావా గుట్టలు మొదలవుతాయి. పక్కన ఇనుప గొలుసులు ఉంటాయి. అవి దారి హద్దు చూపడానికి, మీ బరువంతా వాటి మీద వేయకండి. కర్రలు మడిచి సంచికి కట్టి, చేతులు రాయి మీద పెట్టండి. అడుగుకు ముందు రాయిని కాలితో ఒకసారి నొక్కి చూడండి. కదిలితే పక్క రాయి. పెద్ద అంగ వేసి ఎక్కే బదులు రెండు చిన్న అడుగులు వేయండి.

నిటారు చోట్ల ఒక చిట్కా: పై కాలు వేశాక, వెనక మోకాలిని నిటారుగా బిగించి ఒక్క క్షణం బరువంతా ఎముక మీద నిలపండి. తర్వాతే తదుపరి అడుగు. ప్రతి అడుగులో కండకు అర సెకను విశ్రాంతి దొరుకుతుంది. చూసేవాళ్లకు పెళ్లికూతురు నడకలా ఉంటుంది, ఉండనివ్వండి.

(4) అరగంటకోసారి రెండు గుక్కల నీళ్లు, గంటకోసారి ఏదైనా తినడం. దాహం వేసేదాకా ఆగొద్దు. ఆగినప్పుడు దారి కొండ వైపున నిలబడండి, లోయ వైపు కాదు.

(5) రాయి జారితే అరవండి. 1980 ఆగస్టులో యోషిదా వైపు రాళ్లు దొర్లి 12 మంది చనిపోయారు. మీ కాలి నుంచి ఒక రాయి జారినా కింద ఉన్నవాళ్లకు వినిపించేలా ‘రాకు!’ అని కేకేయండి. రాయి పడుతోందని చెప్పడానికి అక్కడ అదే మాట, మన ‘రావద్దు’ కాదు. హెల్మెట్ సంచికి వేలాడదీసుకుని నడిచేవాళ్లు కనిపిస్తారు. సంచికి దెబ్బ తగిలితే ఏం కాదు, తలకు తగిలితేనే.

(6) సాయంత్రం 4 లోపు 8వ మజిలీ బస చేరండి. అది 3100 నుంచి 3400 మీటర్ల మధ్య ఉంటుంది. మధ్యాహ్నం తర్వాత ఉరుములు ఎక్కువ.

బసలో చేరగానే పడుకోవద్దు. నిద్రలో ఊపిరి పలచనవుతుంది, తలనొప్పి అక్కడే పట్టుకుంటుంది. గంట సేపు కూర్చుని, నీళ్లు తాగుతూ, పెదాలు బిగించి ఊదినట్టు నెమ్మదిగా ఊపిరి వదలండి. పక్కవాడి భుజం తగిలేంత ఇరుకు పడకలు. నిద్ర పట్టకపోయినా కళ్లు మూసుకుని పడుకుంటే చాలు. లైటు, చలి బట్టలు తలగడ దగ్గరే పెట్టుకోండి, చీకట్లో సంచి గలగలలాడిస్తే గది మొత్తం లేస్తుంది.

6. శిఖరం

రాత్రి 1, 2 మధ్య అందరూ ఒక్కసారే లేచి బయల్దేరతారు. చివరి భాగం తిరుమలలో క్యూలా కదులుతుంది. చలిలో ఆగి ఆగి నడవడం వల్ల ఒళ్లు గడ్డకడుతుంది. జులైలో సూర్యోదయం 4:30 ప్రాంతంలో, ఆగస్టు చివరికి 5 దాటి.

యోషిదా దారి నుంచి సూర్యోదయం బస ముంగిట నిలబడినా కనిపిస్తుంది. శిఖరం మీదే చూడాలన్న పట్టుదల లేకపోతే, అక్కడే చూసి, వేడిగా ఏదైనా తాగి, జనం పోయాక వెలుతురులో ఎక్కండి. మొదటిసారి వెళ్లేవాళ్లకు, పిల్లలతో వెళ్లేవాళ్లకు ఇదే మేలని మా ఉద్దేశం. రాతి మీద ఎక్కడ కాలు పెడుతున్నారో కనిపిస్తుంది.

యోషిదా దారి చేరేది బిలం అంచుకు. అసలు 3776 మీటర్ల శిఖరం, కెన్‌గమినె, అవతలి వైపు ఉంది. బిలం చుట్టూ సుమారు 3 కిలోమీటర్లు, గంటన్నర పడుతుంది. గాలి గట్టిగా ఉన్నా, తల తిరుగుతున్నా ఈ చుట్టు మానేయండి. తాళ్లు దాటి బిలం అంచుకు పోవద్దు. అక్కడి నేల కూడా వదులు కంకరే, అంచు కింద ఏమీ లేకుండా డొల్లగా ఉండొచ్చు.

8వ మజిలీ నుంచి పైదంతా అక్కడి సెంగెన్ గుడికి చెందిన స్థలం. దండం పెట్టుకోండి. కొబ్బరికాయ, కర్పూరం వద్దు.

7. దిగడం: దెబ్బలు తగిలేది ఇక్కడే

బయల్దేరే ముందు నాలుగు పనులు: బూటు తాడు విప్పి, మడమ వెనక్కి తన్ని పెట్టి, చీలమండ దగ్గర గట్టిగా కట్టండి. గేటర్లు తొడగండి. కర్రలు ఎక్కేటప్పటి కంటే 5–10 సెంటీమీటర్లు పొడవు చేయండి. మాస్కు, కళ్లద్దాలు పెట్టుకోండి. ముందు నడిచేవాళ్ల ధూళి నేరుగా మీ ముఖానికే. కాంటాక్ట్ లెన్సులున్నవాళ్లు ఇక్కడ ఏడుస్తారు, మామూలు కళ్లజోడు మేలు.

ఇక నడక. దిగే నేల రెండు రకాలు, రెండింటికీ ఒకే నడక కుదరదు. చాలామంది పొరపాటు పడేది ఇక్కడే.

గట్టి నేల మీద పలచగా కంకర. యోషిదా దిగుడు దారి చాలావరకు ఇంతే. వంకలు తిరిగే వెడల్పాటి దారి, అడుగున గట్టి, పైన గోళీల్లాంటి స్కోరియా. మడమతో గుచ్చితే లోపలికి దిగదు, గోళీల మీద కాలేసినట్టు జారి కూర్చుండిపోతారు. ఇక్కడ పాదం మొత్తం ఒకేసారి ఆనించండి. అడుగు పొడవు ఒక జానెడు చాలు. మోకాళ్లు కాస్త వంచి ఉంచండి. జారతామన్న భయంతో వెనక్కి వాలితే ఇంకా జారతారు, ఎందుకంటే అప్పుడు బరువు పాదం మీద ఉండదు. ముక్కు బూటు కొనకు సూటిగా ఉండేలా చూసుకోండి.

లోతైన ఇసుక. సుబాషిరి, గొతెంబా దారుల్లో ‘సునబాషిరి’ అనే ఇసుక పరుగు. అక్కడ బారువ ఇసుకలో నేర్చిందంతా పనికొస్తుంది. మడమ ముందు గుచ్చండి, కాలు చీలమండ దాకా దిగబడి దానంతట అదే ఆగుతుంది, వెంటనే రెండో మడమ. పెద్ద అంగలు వేయొచ్చు. కానీ పరుగెత్తొద్దు. ఇసుకలో దాగిన లావా రాయికి బొటనవేలు తగిలితే బోర్లా పడతారు.

దారి తప్పే చోటు ఒకటుంది. యోషిదా, సుబాషిరి రెండూ పై నుంచి ఒకే దారిలో దిగి, 8వ మజిలీ దగ్గర ఎడోయా అనే బస వద్ద విడిపోతాయి. ముందువాళ్ల వెనకే పోయి ఎరుపు బోర్డు పట్టుకుంటే, వేరే జిల్లాలో, మీ సామాను లేని చోట, వేరే బస్సు స్టాండులో తేలతారు. అక్కడ ఆగండి. పసుపు బోర్డు చూశాకే అడుగేయండి. నీళ్లు కొనాలన్నా అక్కడే, తర్వాత దిగుడు దారిలో 6వ మజిలీ దాకా బసలు లేవు.

గంటకోసారి బూట్లు విప్పి దులపండి. మేజోడులో చేరిన ఒక్క గింజ మూడు గంటల్లో పొక్కు చేస్తుంది.

8. వెనక్కి తిరగాల్సిన గుర్తులు

శిఖరం మీద గాలి ఒత్తిడి సముద్ర మట్టంలో దాదాపు మూడింట రెండు వంతులే, ఊపిరికి అందే ఆక్సిజనూ అంతే. కాబట్టి:

- తలనొప్పి మాత్రమే ఉంటే: ఆగండి, నీళ్లు, లోతైన ఊపిరి. తగ్గితేనే పైకి
- తలనొప్పితో పాటు వాంతి, తిండి వద్దనిపించడం: ఇక పైకి వద్దు
- మడమకు వేలు ఆనించి గీత మీద నడిచినట్టు పది అడుగులు వేయలేకపోతే, మాట తడబడితే, కూర్చున్నా ఆయాసపడితే: రాత్రైనా సరే, తోడుతో వెంటనే దింపాలి

డబ్బాల్లో అమ్మే ఆక్సిజన్ రెండు నిమిషాల ఊరట మాత్రమే. దిగడమే మందు. ఎత్తు పడకపోవడానికి వాడే అసిటజోలమైడ్ మాత్ర డాక్టరు రాస్తేనే వేసుకోండి. సల్ఫా మందులు పడనివాళ్లు ఆ మాట ముందే చెప్పాలి. అంబులెన్సుకు 119, పోలీసులకు 110.

గాలి సెకనుకు 15 మీటర్లు దాటుతుందని శిఖరం అంచనా చెబితే ఎక్కొద్దు. తిత్లీ తుపానును పలాసలో చూసినవాళ్లకు గాలి ఏం చేయగలదో విడమరచి చెప్పక్కర్లేదు. అదే గాలి వీస్తుంటే చెట్టు నీడ కూడా లేని వాలు మీద ఉంటారు. ఉరుము వినబడితే దగ్గరి బసలోకి. బస దూరమైతే గట్టు మీద నుంచి దిగి, కర్రలు పక్కన పడేసి, కాళ్లు దగ్గరగా పెట్టి కుంచించుకుని కూర్చోండి.

మిగిలింది కొండే పేలడం. జపాన్ వాతావరణ సంస్థ 1 నుంచి 5 దాకా హెచ్చరిక స్థాయి ఇస్తుంది. బయల్దేరే రోజు ఉదయం చూసుకోండి. అయితే 1 అంటే ప్రమాదం లేదని కాదు. 2014 సెప్టెంబరు 27న ఒంతాకె పర్వతం స్థాయి 1లో ఉండగానే పేలింది. చనిపోయినవాళ్లు, ఆచూకీ దొరకనివాళ్లు కలిపి 63 మంది. నీరు ఆవిరై పేలే ఇలాంటి పేలుడు ముందు పెద్దగా సూచన ఇవ్వదు. అలా జరిగితే ఫోన్ తీసి వీడియో తీయొద్దు. బసలోకో, పెద్ద రాయి వెనక్కో చేరి, హెల్మెట్ మీద సంచి పెట్టి, తడి గుడ్డతో ముక్కు మూసుకోండి. రాళ్ల వాన ఆగగానే దిగండి. పల్లాల్లోకి, వాగుల్లోకి మాత్రం దిగొద్దు, విషవాయువు, బురద చేరేది అక్కడే.

9. తరచూ జరిగే తప్పులు, సర్దుబాట్లు

*రాత్రి 9కి బయల్దేరి నిద్ర లేకుండా తెల్లవారేసరికి శిఖరం.* ఒంటికి ఎత్తు అలవాటయ్యే సమయమే ఉండదు. ఇప్పుడు గేటు దగ్గరే ఆపేస్తున్నారు. బస తీసుకోవడం తప్ప దీనికి సర్దుబాటు లేదు.

*చెమట పట్టాక జాకెట్ వేసుకోవడం.* ఎక్కే ముందే ఒక పొర తీసి, కాస్త చలిగా మొదలుపెట్టండి. ఆగిన మొదటి నిమిషంలోనే వేసుకోండి.

*మొదట్లోనే మోకాలికి బెల్టు బిగించడం.* ఎక్కేటప్పుడు రక్తం ఆడదు. దిగేటప్పుడు వేసుకోండి.

*బూటు అడుగు ఊడడం.* టేపును ముందు భాగం చుట్టూ మూడు వరసలు, మడమ చుట్టూ రెండు వరసలు వేసి వెంటనే దిగండి, పైకి కాదు.

*జ్ఞాపకంగా ఒక లావా రాయి జేబులో వేసుకోవడం.* అది రక్షిత జాతీయ వనం, రాయి తేవడం నేరం. బూట్లలో ఎలాగూ గుప్పెడు వస్తుంది, దాన్నీ అక్కడే దులిపి రండి.

10. దిగాక

వెంటనే కూర్చుండిపోకుండా పది నిమిషాలు చదును మీద నడవండి. పిక్కలు, తొడలు సాగదీయండి. రెండో రోజు నొప్పి మొదటి రోజు కంటే ఎక్కువ ఉంటుంది, కాబట్టి ఆ రోజుకు మెట్లెక్కే ఊరు చూపులు పెట్టుకోవద్దు. వెచ్చని నీళ్ల స్నానం మంచిదే, కానీ పొక్కులు చిదమకుండా.

బూట్లను తడిగుడ్డతో కాదు, ముందు పొడి బ్రష్షుతో దులపండి. స్కోరియా పొడి తడిస్తే కుట్లలో చేరి గరుకు కాగితంలా దారం కోసేస్తుంది. తర్వాత కడిగి, ఎండలో కాకుండా నీడలో ఆరబెట్టి, లోపల పాత కాగితాలు కుక్కండి. ఇంటికి తెచ్చాక బీరువాలో మూసి పెట్టకుండా గాలి ఆడే చోట ఉంచి, నెలకోసారి తొడుక్కుని నడవండి. వాడుతూ ఉన్న బూటు అడుగు వాడనిదానికంటే ఎక్కువ కాలం నిలుస్తుంది.